వీడియో గేమ్స్‌లో ఆడవాళ్లను చూపించే తీరు పిల్లల మీద నిజంగా ప్రభావం చూపిస్తుందా?

చూపిస్తుంది, అందులో అనుమానమే అక్కర్లేదు. కాకపోతే ఈ చర్చ వచ్చినప్పుడల్లా అందరూ ఆడ పాత్రల బట్టల దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే పిల్లల బుర్రకెక్కేది అంతకంటే ముందున్న సంగతి. ఆట తెరవగానే ఏ పాత్ర ఊరికే వస్తుంది, ఏ పాత్రను కొనుక్కోవాలి అన్నది.

ఫోన్‌లో ఆడే పరుగు ఆట టెంపుల్ రన్ చాలామంది ఆడే ఉంటారు. 2011లో వచ్చింది. మొదట ఊరికే దొరికేవాడు గై డేంజరస్ అనే అబ్బాయి. స్కార్లెట్ ఫాక్స్ అనే అమ్మాయి కావాలంటే ఆటలో 10,000 నాణేలు కూడబెట్టాల్సి వచ్చేది. మా అక్క కూతురు అప్పటికి బాగా చిన్నది. నా ఫోన్ పట్టుకుని మంచం మీద బోర్లా పడుకుని ఆడేది. ఔటైనప్పుడు ఎంత దూరం పరిగెత్తిందో చూసుకునేదే కాదు, నాణేలెన్ని పెరిగాయో చూసుకునేది. ఇంకాస్తలో చేరతాయనగా వాళ్లన్నయ్య ఫోన్ లాక్కుని, ఉన్నవన్నీ పెట్టి, నాణేలను లాగే అయస్కాంతం పవర్ పెంచేసుకున్నాడు. ఇక ఇల్లంతా ఒకటే ఏడుపు.

"ఆ అమ్మాయీ ఇలాగే పరిగెడుతుంది కదే, కొత్తగా ఏం చేస్తుంది? నాణేలు దండగ!" అని వాడు.

"నీకు అబ్బాయి ముందే ఉన్నాడుగా, అందుకే నీకు దండగ" అంది వెక్కుతూనే.

వాడు మంచి పిల్లాడే, చెల్లెలంటే ప్రాణం పెడతాడు. కానీ అబ్బాయి అంటే మామూలు, అమ్మాయి అంటే అదనపు ఖర్చు అని ఆ ఆట వాడికి చెప్పకుండానే చెప్పేసింది. 2015లో అమెరికాలో 12 ఏళ్ల అమ్మాయి ఇదే విషయం మీద వాషింగ్టన్ పోస్ట్‌లో వ్యాసం రాసింది. ఇలాంటి పరుగు ఆటలు వరసపెట్టి చూసి, అబ్బాయిలు ఉచితమైతే అమ్మాయిలకు డబ్బెందుకని నిలదీసింది. ఆ వయసు పిల్లకు తట్టిన ప్రశ్న అన్నేళ్లు ఆ ఆటలు తయారుచేసినవాళ్లకు తట్టలేదంటే ఏమనాలి?

పెద్ద కంపెనీలూ అంతే. 2014లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీ అనే ఆటలో, నలుగురూ కలిసి ఆడే కో-ఆప్‌లో ఆడ పాత్రలు ఎందుకు లేవని అడిగితే, యానిమేషన్ల పని రెట్టింపవుతుందన్నారు దాన్ని తయారుచేసినవాళ్లు. అంత ఖర్చు పెట్టి ఆటలో పారిస్ నగరాన్నే కట్టినవాళ్లు చెప్పాల్సిన మాటేనా అది! మరుసటి ఏడాది ఫిఫా 16 అనే ఫుట్‌బాల్ ఆటలో మొదటిసారి 12 దేశాల మహిళా జట్లను పెట్టారు. తలచుకుంటే అయ్యే పనే.

తల్లిదండ్రుల మీదా నాకు కోపం ఉంది. ఎన్ని గంటలు ఆడాడో లెక్కపెడతారు, రక్తం ఉందా, బూతులున్నాయా అని వయసు రేటింగ్ చూస్తారు. ఆటలో అమ్మాయిలు ఏం పని చేస్తున్నారో పక్కన కూర్చుని చూసినవాళ్లను నేను చూడలేదు.

ఇవన్నీ చివరికి తేలేది వాయిస్ చాట్‌లో. మా అక్క కూతురు ఇప్పుడు టీమ్‌తో ఆడే షూటింగ్ గేములు ఆడుతుంది, గురి బాగుంటుంది. మైక్ మాత్రం ఆన్ చేయదు. ఆడగొంతు వినగానే ముందు వెకిలి మాటలు, తర్వాత తిట్లు. పేరు కూడా అబ్బాయో అమ్మాయో తెలియనిది పెట్టుకుంది. శత్రువు ఎటు నుంచి వస్తున్నాడో అరిచి చెప్పాల్సిన చోట గబగబా టైప్ చేస్తుంది. టైప్ చేస్తుండగానే కాల్చేస్తారు. ఆట రానివాళ్లు ఎందుకొస్తారని సొంత టీమ్‌వాళ్లే తిడతారు.