పలాస సెల్‌ఫోన్‌లో ఇంగ్లండ్ వాన

డ్రిల్లు మాస్టారికి ఉత్తరాలు

విజయనగరం జిల్లా బడుల్లో 31 ఏళ్ళు విజిల్ ఊది రిటైరైనవాణ్ణి. ఈ నెల ఉత్తరాల్లో ముప్పాతిక మువ్వీసం ఫుట్‌బాల్ మీదే వచ్చాయి. అందుకని కబడ్డీ, క్రికెట్ ప్రశ్నలు పై నెలకు దాచాను. అడిగినవాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మాస్టారూ, నేను డిగ్రీ రెండో ఏడు. మా అమ్మ జీడి ఫ్యాక్టరీలో పప్పు ఏరుతుంది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 20 జట్ల పేర్లూ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాను. మన దేశం లీగ్‌లో నాలుగు జట్లు చెప్పమంటే తడుముకుంటాను. ఇది నా తప్పేనా? ఎక్కడో ఆడే ఆటని వాళ్ళు మా కాశీబుగ్గ దాకా ఎలా తెచ్చారు? – విద్యార్థి, పలాస

జవాబు: నీ తప్పేమీ లేదు బాబూ. ఓ అక్టోబరు శనివారం మా మేనల్లుడి పెళ్ళికి మీ కాశీబుగ్గే వచ్చాను. ముహూర్తం అర్ధరాత్రి. సాయంత్రం అయిదింటికి టీకని బయటికొస్తే, కొట్టు బల్ల మీద బిస్కెట్ల సీసాకి సెల్లు ఆనించి అయిదారుగురు కుర్రాళ్ళు మూగి ఉన్నారు. నేనూ తల దూర్చాను. ఇక్కడ ఉక్కపోతకి చొక్కాలు వీపుకి అంటుకుపోతున్నాయి, ఆ బెత్తెడు తెరమీద మాత్రం సన్నగా వాన. గీతకి నాలుగడుగుల దూరంలోనే జనం కూర్చున్నారు. బంతి బయటికి పోయి మెడకి ఉన్ని కండువా చుట్టుకున్న ఓ ముసలాయన ఒళ్ళో పడింది. ఆయన దాన్ని కోటుకేసి తుడిచి మరీ ఆటగాడి చేతికిచ్చాడు. కొట్టాయన సౌండు తగ్గించమంటే ఓ కుర్రాడు అన్నాడు: "సౌండు తీసేస్తే ఇంకేటుంటాది బావూ? సగం ఆట అదే కదేటి!"

నీ ప్రశ్నకి సగం జవాబు ఆ కుర్రాడే చెప్పేశాడు. మిగతా సగం గడియారంలో ఉంది. మనకి అయిదంటే ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర. శనివారం తొలి మ్యాచ్ అక్కడివాళ్ళకి భోజనాల వేళ, మనకి టీ వేళ, సింగపూర్ వైపు రాత్రి భోజనాల వేళ. అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు, మీకు మ్యాచ్ ఆరింటికి మారుతుంది. ఆ సంగతి నాకు చెప్పింది కూడా మీ ఊరి కుర్రాళ్ళే. శనివారం మధ్యాహ్నం మూడింటి మ్యాచ్‌లు ఇంగ్లండ్‌లో టీవీలో ప్రత్యక్షంగా రావు. 1960ల నుంచీ ఉన్న కట్టుబాటు అది. ఇంట్లో కూర్చుని చూసేస్తే చిన్న క్లబ్బుల మైదానాలు బోసిపోతాయని వాళ్ళ భయం. అవే మ్యాచ్‌లు విదేశాలకు మాత్రం వస్తాయి. అంటే అక్కడ పక్క వీధివాడు టీవీలో చూడలేని ఆటని నువ్వు పలాసలో రాత్రి ఏడున్నరకి చూస్తున్నావు. విదేశాలకు అమ్ముకుంటూనే సొంత మైదానం జనం పల్చబడకుండా కాచుకున్నారు, చూశావా?

మొదటి నుంచీ ఇంత వైభోగమేమీ కాదు వాళ్ళది. 1985లో బ్రసెల్స్‌లోని హైసెల్ స్టేడియంలో 39 మంది చనిపోయాక ఇంగ్లండ్ క్లబ్బుల్ని యూరప్ పోటీల నుంచి అయిదేళ్ళు వెలివేశారు. 1989లో ఇంగ్లండ్‌లోనే హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిసలాట జరిగింది, ఆ ఘోరానికి 97 ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే కంచెలు తీయించారు, పెద్ద స్టేడియాల్లో నిలబడే చోట్లన్నీ కుర్చీలుగా మార్చారు. 1992లో 22 క్లబ్బులు పాత లీగ్ నుంచి విడివడి ప్రీమియర్ లీగ్ పెట్టుకున్నాయి. స్కై టీవీ, బీబీసీలతో కలిపి మొదటి ఒప్పందం అయిదేళ్ళకి 30 కోట్ల 40 లక్షల పౌన్లు. మరుసటి సీజన్ నుంచి చొక్కా వీపు మీద ఆటగాడి పేరు, అతనికంటూ ఓ నంబరు వచ్చాయి. చిన్న విషయమే అనిపిస్తుంది కానీ, దూరదేశంలో భాష రానివాడు ఆటగాణ్ణి గుర్తుపట్టేది ఆ పేరుతోనే. సంతలో కొన్న చొక్కా వేసుకునేదీ ఆ పేరు కోసమే.

ఇక నాకు బాగా నచ్చిన సంగతి డబ్బు పంపకం. విదేశీ ప్రసారాల మీద వచ్చే సొమ్ము 2019 దాకా 20 క్లబ్బులకీ సమానంగా పంచారు. కప్పు గెలిచినవాడికెంతో ఆఖర్న నిలిచినవాడికీ అంతే. ఆ పైన పెరిగిన సొమ్ములో స్థానాన్ని బట్టి తేడా పెట్టారు గానీ, ఇప్పటికీ చిన్న జట్టు వాటా బలంగానే ఉంది. అందుకే అక్కడ చిన్న జట్టు పెద్ద జట్టుని ఓడించగలదు. 2015-16లో లెస్టర్ సిటీ కప్పు ఎత్తుకుపోయింది కదా! 2022-25 ఒప్పందాల నాటికి విదేశీ రాబడి స్వదేశీ రాబడిని మించిపోయింది.

మీ అమ్మగారిని అడుగు, 320 గ్రేడంటే ఏమిటో చెప్తారు. పౌను బరువుకి 300 నుంచి 320 గింజలు. ఆ టిన్ను ఏ దేశంలో విప్పినా అదే లెక్క ఉండాలి. కొనేవాడు పలాస రాడు, పిక్క కొట్టే చోటు చూడడు, గ్రేడు మీద నమ్మకంతో కొంటాడు. ప్రీమియర్ లీగ్ అలా గ్రేడు కట్టిన సరుకు. ఏటా వేసవిలోనే 380 మ్యాచ్‌ల జాబితా వస్తుంది. మరి మన ఇండియన్ సూపర్ లీగ్? నడిపే సంస్థకీ ఫుట్‌బాల్ సమాఖ్యకీ ఉన్న 15 ఏళ్ళ ఒప్పందం 2025 డిసెంబరుతో ముగుస్తుందనగా, కొత్తది కుదరక ఆ జులైలో లీగ్‌ని పక్కన పెట్టేశారు. సీజన్ ఉంటుందో లేదో అప్పట్లో ఆటగాళ్ళకే తెలియలేదు. అలాంటప్పుడు పలాస కుర్రాడు జట్ల పేర్లు తడుముకోడా?

ప్రశ్న: 2022లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన మన హైదరాబాద్ జట్టు ఇప్పుడు లేదంటున్నారు. నిజమేనా? – ఆర్టీసీ ఉద్యోగి, ఆమదాలవలస

జవాబు: నిజమేనండీ. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి గెలిచారు. గోల్‌కీపర్ కట్టిమణి ఆపిన బంతులు నాకింకా కళ్ళలో ఉన్నాయి. కానీ కోవిడ్ వల్ల ఆ సీజన్, దాని ముందు సీజన్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి, అదీ దాదాపు జనం లేకుండా. అంటే ఆ జట్టు దేశంలోకెల్లా గొప్పదైన ఏడాది సొంత మైదానం గచ్చిబౌలిలో జనం దాన్ని ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు. ప్రేమ పుట్టాల్సిన కాలం అలా పోయింది. తర్వాత డబ్బు ఇబ్బందులొచ్చాయి, 2025లో జట్టు పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ పుట్టిన నేల హైదరాబాద్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనల్ని నాలుగో స్థానానికి, 1962 జకార్తాలో ఆసియా స్వర్ణానికి తీసుకెళ్ళిన గురువు ఆయన. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచింది. అలాంటి ఊరికి పెద్ద లీగ్‌లో జట్టు లేకపోవడం నాకు కడుపులో దేవినట్టుంటుంది.

ప్రశ్న: 2025 డిసెంబరులో మెస్సీ ఉప్పల్ వచ్చినప్పుడు మా అబ్బాయి చూసొచ్చాడు. ఎంత జనం! అలాంటివాళ్ళని నలుగుర్ని కొనేస్తే మన లీగ్‌ని ప్రపంచమంతా చూడదా? – వస్త్ర వ్యాపారి, బొబ్బిలి

జవాబు: చూస్తుందండీ, ఆయన ఉన్నన్నాళ్ళూ. 1975లో అమెరికా వాళ్ళు పీలేని న్యూయార్క్ కాస్మోస్‌కి తెచ్చారు. 1977లో ఒక మ్యాచ్‌కి 77 వేల మంది వచ్చారు. ఆ ఏడే ఆయన ఆట మానేశాడు, 1984 సీజన్‌తో ఆ లీగే మూతపడింది. చైనాలో జియాంగ్సు అనే క్లబ్బు కోట్లు పోసి 2020 నవంబరులో కప్పు గెలిచింది, 2021 ఫిబ్రవరిలో తలుపులు మూసుకుంది. మన లీగ్ 2014లో మొదలైనప్పుడు యూరప్‌లో పేరుమోసిన ఆటగాళ్ళు డెల్ పియరో, ట్రెజెగే, పిరెస్, లుంగ్‌బర్గ్ వచ్చారు. వాళ్ళంతా ఆట చివరి రోజుల్లో ఉన్నవాళ్ళు. వచ్చారు, వెళ్ళారు. అమెరికా రెండోసారి తొందరపడలేదు. 1996లో కొత్త లీగ్ పెట్టి, ఫుట్‌బాల్ కోసమే స్టేడియాలు కట్టుకుంటూ వచ్చింది. 2007లో బెక్హామ్, 2023లో మెస్సీ ఆ తర్వాత వచ్చారు.

మీరు చూడాల్సింది జపాన్. అక్కడ ఒకప్పుడు అన్నీ కంపెనీ జట్లే. 1993లో జె లీగ్ మొదలైనప్పుడు కంపెనీ పేరు కాకుండా ఊరి పేరు పెట్టుకోమన్నారు. కషిమా అని సముద్రం ఒడ్డున ఓ చిన్న ఉక్కు ఫ్యాక్టరీ ఊరు, మన నెల్లిమర్ల జూట్ మిల్లు చుట్టూ పెరిగినట్టు పెరిగిన ఊరు. దానికి లీగ్‌లో చోటు దక్కదనే అందరూ అనుకున్నారు. పట్టుబట్టి 15 వేల మంది కూర్చునే, పైకప్పున్న స్టేడియం కట్టుకుంది. బ్రెజిల్ జీకో అంతకు ముందే, 1991లో, ఆ ఫ్యాక్టరీ జట్టుకి ఆడటానికి వచ్చి ఉన్నాడు. ఆయన్ని పోస్టరు బొమ్మగా వాడలేదు, కుర్రాళ్ళకి క్రమశిక్షణ నేర్పించుకున్నారు. లీగ్‌లో తొలి మ్యాచ్‌లోనే ఆయన మూడు గోల్స్ కొట్టాడు. ఇప్పటికీ స్టేడియం దగ్గర ఆయన విగ్రహం ఉంది. తర్వాత పొరుగు దేశాల వైపు చూశారు. 2017లో చనాతిప్ అనే థాయ్ కుర్రాడు సప్పోరో జట్టుకి వచ్చాడు. అయిదడుగుల రెండంగుళాల మనిషి. మరుసటి ఏడాది లీగ్ మొత్తంలో ఉత్తమ పదకొండు మందిలో ఒకడయ్యాడు. తమవాడు ఆడుతున్నాడంటే థాయ్‌లాండ్ చూడకుండా ఉంటుందా?

నా అనుభవం కూడా చెప్తాను. గజపతినగరం దగ్గర పనిచేసే రోజుల్లో సంక్రాంతి ఫుట్‌బాల్ పోటీలు పెట్టాం. మొదటి ఏడు జనం రావాలని ఓ సినిమా నటుణ్ణి పిలిచాం. వచ్చాడు, జనం విరగబడ్డారు. దండ వేయించుకుని ఆయన కారెక్కగానే జనమూ వెళ్ళిపోయారు. ఫైనల్ ఆడుతుంటే గట్టు మీద రెండు మేకలు, ఐస్ బండివాడు. నా పిల్లలు నా వైపు చూసిన చూపు మర్చిపోలేను. మరుసటి ఏడు ఆ డబ్బుతో చొక్కాలు కుట్టించి ఎవరి ఊరి పేరు వాళ్ళ వీపు మీద రాయించాం. ఊరూరా టముకు వేయించాం. పొలం పనులు తెమిలాక నాలుగింటికి, రోజూ అదే వేళకి ఆట. మూడో రోజుకి ఎడ్లబళ్ళ మీద ఆడవాళ్ళు కూడా వచ్చారు, తమ ఊరి పేరున్న కుర్రాడు పడితే అయ్యో అంటూ.

ప్రశ్న: స్పెయిన్ లీగ్ మ్యాచ్ ఒకటి విశాఖలో పెడితే మనకీ వాళ్ళకీ లాభమే కదా? – బ్యాంకు ఉద్యోగిని, శ్రీకాకుళం

జవాబు: మనకి సరదాయే తల్లీ. కానీ నేను ఒప్పుకోను. 2008లో ఇంగ్లండ్ వాళ్ళు ఒక్కో జట్టు ఆడే 38 మ్యాచ్‌లు కాక, విదేశాల్లో 39వ మ్యాచ్ ఆడిస్తామంటే అభిమానులు తిరగబడ్డారు, ఆ ఆలోచన మానుకున్నారు. 2025 డిసెంబరులో విల్లారియల్–బార్సిలోనా మ్యాచ్ అమెరికాలోని మయామీలో పెడతామని స్పెయిన్ లీగ్ లా లిగా ప్రకటిస్తే, ఆటగాళ్ళు మ్యాచ్‌ల మొదట్లో కొన్ని క్షణాలు కదలకుండా నిలబడి నిరసన తెలిపారు. అదీ రద్దయింది. పైడితల్లి అమ్మవారి సిరిమానుని మూడు లాంతర్ల నుంచి తీసుకెళ్ళి ట్యాంక్‌బండ్ మీద తిప్పితే మనం చూస్తామా? టీవీలో ఎంత దూరానికైనా చూపించండి, మాను మాత్రం కోట దాకా మన వీధుల్లోనే తిరగాలి. 2017 డిసెంబరులో అదే లా లిగా రియల్–బార్సిలోనా మ్యాచ్‌ని వాళ్ళ మధ్యాహ్నం ఒంటిగంటకి పెట్టింది, మనకి సాయంత్రం అయిదున్నర. మ్యాచ్ మాత్రం మాడ్రిడ్‌లోనే. వేళ మార్చడం వరకు సరే.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఆడపిల్లల ఆట చూద్దామంటే ఎక్కడా దొరకదు. – గృహిణి, చీపురుపల్లి

జవాబు: దొరుకుతుందమ్మా. ఇంగ్లండ్ మహిళల సూపర్ లీగ్ 2024-25 నుంచి చాలా మ్యాచ్‌లు యూట్యూబ్‌లో ఉచితంగానే చూపించింది. మన దేశంలోనూ మహిళల లీగ్ 2016-17 నుంచి ఉంది. పక్కన కూర్చుని మీరు కూడా చూడండి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి బయల్దేరిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ పతకం తెచ్చింది, అమ్మాయికి ఆ సంగతీ చెప్పండి.

ప్రశ్న: సార్, మా జట్టు ఆదివారం మ్యాచ్‌లు యూట్యూబ్‌లో పెడుతున్నాం. పదిమంది కూడా చూడటం లేదు. ఏం చెయ్యాలి? – తొమ్మిదో తరగతి కుర్రాడు, నెల్లిమర్ల

జవాబు: నీ వీడియో ఒకటి చూశానురా. సినిమా పాట పెట్టారు, అది తీసేయండి. బంతి తన్నిన చప్పుడు, మీ అరుపులు వినపడాలి. సెల్లు నేల మీద కాదు, గోడ మీదో మేడ మీదో ఎత్తున పెట్టండి, మైదానం మొత్తం కనపడుతుంది. పక్కన ఒకడు కూర్చుని ప్రతి ఆటగాడి పేరూ, వాడి వీధి పేరూ చెప్తుండాలి. ప్రతి ఆదివారం ఒకే వేళకి పెట్టండి, వానొచ్చి ఆట ఆగితే ఆగిందని అయినా అదే వేళకి చెప్పండి. గోల్ పడగానే కెమెరా ఆపేస్తున్నారు, అలా చెయ్యొద్దు. గట్టు మీద గంతులేసేవాళ్ళని పది సెకన్లు చూపించండి. మీ వీడియోలో ఎర్ర తువ్వాలు తలకి కట్టుకున్న పెద్దాయన ఒకడున్నాడు, గోల్ పడితే సైకిల్ బెల్లు కొడుతున్నాడు. ఆయన ఎవరో, ఎవరి తాతో వచ్చే వారం వీడియోలో చెప్పు. నేను చూస్తాను.