ముక్తాభిమాని అంటే ముక్తిని ఇష్టపడేవాడా?

సందేహం: అష్టావక్ర గీత మొదటి ప్రకరణంలో ‘ముక్తాభిమానీ ముక్తో హి’ అని చదివాను. అభిమాని అంటే ఫ్యాన్ కదా. ముక్తి మీద అభిమానం ఉన్నవాడు ముక్తుడవుతాడని అర్థం చెప్పుకోవచ్చా? ఇంకోటి, ‘అష్టవక్ర’ అని రాస్తే తప్పా?

సమాధానం: అలా చెప్పుకోవడం కుదరదు. జనక మహారాజుకు అష్టావక్ర ముని చెప్పిన ఆ శ్లోకం పూర్తిగా ఇదీ:

ముక్తాభిమానీ ముక్తో హి బద్ధో బద్ధాభిమాన్యపి
కింవదంతీహ సత్యేయం యా మతిః సా గతిర్భవేత్ (1-11)

అభిమాని అంటే ఇష్టపడేవాడే అయితే మరి బద్ధాభిమాని ఎవరు? బందీని ఇష్టపడేవాడనాలి. ఖైదీ మీద ఇష్టం ఉన్నంత మాత్రాన ఎవరూ జైల్లో పడరు కదా! వ్యాకరణమూ ఒప్పుకోదు. ముక్తి + అభిమాని కలిస్తే యణాదేశం వచ్చి, అంటే ఇకారం యకారమై ‘ముక్త్యభిమాని’ కావాలి. ఆ సంధి ఈ శ్లోకంలోనే ఉంది చూడండి: అభిమానీ + అపి = అభిమాన్యపి. ఇక్కడున్నది ముక్త + అభిమాని. ‘నేను ముక్తుణ్ణి’ అని తన గురించి తాను భావించేవాడు.

అభిమానంలో ఉన్న ధాతువు ‘మన్’. తలచడం దాని అర్థం. మననం, మనస్సు, శ్లోకం చివర వచ్చిన మతి, అన్నీ దాని సంతానమే. సాంఖ్య దర్శన గ్రంథమైన సాంఖ్యకారిక (24) ‘అభిమానోఽహంకారః’, అభిమానమే అహంకారం అని తేల్చేసింది. అంటే ఏదో ఒకదాన్ని ‘ఇది నేను’ అని పట్టుకోవడమే అభిమానం. ఒళ్లు పెరిగితే ‘నేను లావయ్యాను’ అంటాం గానీ ‘నా శరీరం లావైంది’ అని ఎవరంటారు? దేహాభిమానం అంటే అదీ. దాన్ని ఒంటి మీద మోజు అని వివరించేవాళ్లున్నారు, అది సగమే నిజం. ‘నేను’ అనుకున్నది ‘నాది’ కావడానికి, ‘నాది’ అనుకున్నదాని మీద ప్రేమ పుట్టడానికి ఎంతో దూరం లేదు. మన భాషాభిమానం, అభిమాన నటుడు ఆ దారిన వచ్చినవే. దుర్యోధనుణ్ణి అభిమానధనుడన్నప్పుడు మాత్రం ‘నేను’ అనే ఆ పాత అర్థం వాసన ఇంకా తగులుతుంది.

అనువాదంలో ‘ముక్తుణ్ణనుకున్నవాడు ముక్తుడే’ అని రాసేస్తే నాకు కొంచెం వెలితిగానే ఉంటుంది. తెలుగులో అనుకోవడం మరీ తేలిక, రేపు ఊరెళ్దామని కూడా అనుకుంటాం. ‘తాను ముక్తుణ్ణని నిశ్చయంగా ఎరిగినవాడు’ అంటే నయం. లేని ముక్తిని ఊహించుకోమని అష్టావక్రుడు జనకుడికి చెప్పడం లేదు. ఆత్మ ఎప్పుడూ ముక్తమే, సంసారిగా కనబడటం భ్రమ అని తర్వాతి శ్లోకంలోనే అంటాడు.

కింవదంతి దగ్గరా జాగ్రత్త. మనకది పుకారు, ఇక్కడ లోకంలో వాడుకగా చెప్పుకునే మాట. ‘యా మతిః సా గతిః’ అనే ఆ మాటే మన నోట ‘యద్భావం తద్భవతి’గా నలుగుతోంది.

ఇక పేరు సంగతి. అష్టావక్రుడే సరైన రూపం. వెనక ఇంకో పదం చేరినప్పుడు, మొత్తం సమాసం ఒక పేరైతే అష్టన్ (ఎనిమిది) శబ్దానికి దీర్ఘం వస్తుందని పాణిని సూత్రం: ‘అష్టనః సంజ్ఞాయామ్’ (6-3-125). ఊరికే లెక్క చెప్పే అష్టకష్టాలకు ఆ దీర్ఘం అక్కర్లేదు. అష్టావధానంలో కనిపించేది వేరే దీర్ఘం, అది అష్ట + అవధానం, సవర్ణదీర్ఘ సంధి.