టీ-టైప్ కాల్షియం ఛానల్స్ మీద పని మొదలుపెట్టబోతున్న అమ్మాయికి

అమ్మాయీ,

టీ-టైప్ కాల్షియం ఛానల్స్ మీద పీహెచ్‌డీ చెయ్యబోతున్నానని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. చాలా సంతోషం. జబ్బుల జాబితా కూడా పంపావు: మూర్ఛ, నరాల నొప్పి, బీపీ, గుండె, క్యాన్సర్. ఆ జాబితాను కొన్నాళ్లు పక్కన పెట్టు. జబ్బుల వైపు నుంచి వస్తే ఈ ఛానల్ ఒక్కోచోట ఒక్కోలా కనిపించి తికమక పెడుతుంది. కణం వైపు నుంచి వస్తే ఎక్కడున్నా ఇట్టే గుర్తుపడతావు.

దాని స్వభావం చెబుతాను. కాల్షియం ఛానల్ అంటే కణపు పొరలో ఉండి, వోల్టేజ్‌ను బట్టి తెరుచుకుని కాల్షియంను లోపలికి వదిలే చిన్న ద్వారం. మిగతా కాల్షియం ఛానల్స్ చాలావరకు కణపు పొర మీద వోల్టేజ్ బాగా పైకి వస్తేనే తెరుచుకుంటాయి. టీ-టైప్ మాత్రం మైనస్ 60 మిల్లీవోల్టుల దరిదాపుల్లోనే తెరుచుకోవడం మొదలుపెట్టి, కొన్ని పదుల మిల్లీసెకన్లలో తనంతట తానే మూతపడుతుంది. అలా మూతపడ్డాక మళ్లీ పనికి రావాలంటే కణం ఇంకా కిందికి, మైనస్ 80, 90 దాకా దిగి, అక్కడ కాసేపు ఉండాలి. ఉండేలు రబ్బరు వెనక్కి లాగితేనే కదా రాయి ముందుకు పోయేది, ఇదీ అంతే. అందుకని ఏ పేపర్ చదివినా, ఏ రికార్డింగ్ చూసినా నువ్వు మొదట అడగాల్సింది ఒకటే: దీనికి ముందు కణం ఏ వోల్టేజ్‌లో ఉంది, ఎంతసేపు ఉంది? నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మెదడు మధ్యలో ఉండి ఇంద్రియాల కబుర్లను పైకి పంపే థలమస్‌ను తీసుకో. మనం మెలకువగా ఉన్నప్పుడు అక్కడి న్యూరాన్లు కాస్త పై వోల్టేజ్‌లో ఉంటాయి. టీ-టైప్ ఛానల్స్ మూతపడి ఉంటాయి, కంటి నుంచో చెవి నుంచో వచ్చిన కబురు ఒక్కొక్క స్పైక్‌గా (క్షణకాలపు విద్యుత్ సంకేతంగా) పైకి వెళ్తుంది. నిద్రలోకి జారుకునేటప్పుడు అవే న్యూరాన్లు కిందికి దిగుతాయి, ఛానల్స్ సిద్ధమవుతాయి, చిన్న కదలిక వచ్చినా స్పైకులు గుంపుగా పేలతాయి. నిద్రలో ఈఈజీ (మెదడు విద్యుత్ అలల రికార్డింగ్) మీద కనిపించే స్పిండిల్స్ అనే అలల గుంపులకి ఆధారం ఈ పేలుళ్లే. జాన్‌సెన్, లీనాస్ 1984లో గినీపిగ్ థలమస్ ముక్కల మీద చేసిన పని ముందు చదువు. ఎన్ని రివ్యూలు చదివినా రాని అవగాహన ఆ బొమ్మలు చూస్తే వస్తుంది.

ఆ లయే వేళ కాని వేళ ఊపందుకుంటే పిల్లల్లో ఆబ్సెన్స్ మూర్ఛ. వీలైతే న్యూరాలజీ డాక్టర్ల అనుమతి తీసుకుని ఒక్కసారైనా ఈఈజీ గదిలో కూర్చో. పాపను మూడు నిమిషాలపాటు గట్టిగా ఊపిరి తీసి వదలమంటారు. మధ్యలో ఎక్కడో ఊదడం ఆగిపోతుంది, చూపు ఒకచోట నిలిచిపోతుంది, రెప్పలు కొద్దిగా అదురుతాయి. స్క్రీన్ మీద సెకనుకు మూడు చొప్పున స్పైకు, దాని వెనకే అల, మళ్లీ స్పైకు. పది సెకన్లకు పాప ఏమీ జరగనట్టు మళ్లీ ఊదడం మొదలుపెడుతుంది. ఇది కళ్లారా చూశాక నీ డిష్‌లోని కణాన్ని నువ్వు వేరేగా చూస్తావు.

ఈ జబ్బుకు ఎథోసుక్సిమైడ్ ఇస్తారు. ఇది థలమస్‌లో టీ-టైప్ కరెంట్‌ను తగ్గిస్తుందని కూల్టర్, హ్యూగెనార్డ్, ప్రిన్స్ 1989లో చూపించారు. 2010లో 453 మంది పిల్లల మీద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 16 వారాల తర్వాత మందు మార్చే అవసరం రానివాళ్లు ఎథోసుక్సిమైడ్‌తో 53 శాతం, ఇదే జబ్బుకు వాడే మరో రెండు మందుల్లో వాల్‌ప్రోయేట్‌తో 58, లామోట్రిజిన్‌తో 29. పిల్లల ఏకాగ్రతకు వాల్‌ప్రోయేట్ చేసినంత చెరుపు ఎథోసుక్సిమైడ్ చెయ్యలేదు. ఇంత మంచి మందు కూడా టీ-టైప్‌ను మాత్రమే ముట్టుకుంటుందని రాయకు. సోడియం కరెంట్‌లో ఒక భాగం మీదా, ఒక పొటాషియం కరెంట్ మీదా దాని ప్రభావం ఉంది.

ఇక బెంచ్ దగ్గరి పని. వోల్టేజ్ క్లాంప్‌తో (కణపు వోల్టేజ్‌ను కోరినచోట నిలిపి కరెంట్ కొలిచే పద్ధతితో) కణాన్ని మైనస్ 100 దగ్గర పట్టుకుని, అక్కణ్ణించి పది పది మిల్లీవోల్టుల మెట్లు పైకి వెయ్యి. తర్వాత మైనస్ 50 దగ్గర పట్టుకుని అవే మెట్లు మళ్లీ వెయ్యి. మొదటిసారి కనిపించి రెండోసారి మాయమైనదే నీకు కావలసిన కరెంట్. ట్రేసులన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడు. మెట్టు పెరిగేకొద్దీ కరెంట్ త్వరగా లేచి త్వరగా పడిపోతుంది కాబట్టి గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. ఆ అల్లిక కనిపించకపోతే పొంగిపోకు, ముందు క్లాంప్ సరిగ్గా ఉందో లేదో చూసుకో. మెట్టుకూ మెట్టుకూ మధ్య కణాన్ని కింద ఉంచే సమయం అర సెకనుకు తగ్గనివ్వకు, ఇంకా ఎక్కువైతే మరీ మంచిది. తొందరపడి తగ్గించేస్తే ఛానల్ కోలుకోక కరెంట్ చిన్నదవుతుంది, నువ్వేమో అది మందు ప్రభావం అనుకుంటావు.

టీ-టైప్‌లో మూడు రకాలున్నాయి: సీఏవీ 3.1, 3.2, 3.3. వీటిని వేరు చెయ్యడానికి అందరూ నికెల్ వాడతారు. 3.2ను సగానికి తగ్గించడానికి 10 నుంచి 15 మైక్రోమోలార్ చాలు, మిగతా రెండింటికి 200 దాటాలి. అలాగని 100 మైక్రోమోలార్ పోసి, ఆగిపోయిందంతా 3.2 అనేశావంటే ఆర్-టైప్ అనే ఇంకో కాల్షియం ఛానల్‌ను కూడా ఆ లెక్కలోనే కలిపేసినట్టు. జింక్ సంగతి ఇంకా సున్నితం. నీ సొల్యూషన్లలో తెలియకుండా చేరిన కొద్దిపాటి జింక్ కూడా 3.2ను అణిచిపెట్టగలదు. కాబట్టి జింక్‌ను పట్టేసే కీలేటర్ వేసి ఒకసారి, వెయ్యకుండా ఒకసారి చేసి చూడు.

మందుల్లో మిబెఫ్రాడిల్ కథ తెలుసుకో. టీ-టైప్‌ను బాగా అడ్డుకునే బీపీ మందుగా 1997లో వచ్చింది, 1998లో వెనక్కి తీసుకున్నారు. అలా తీసుకోవడానికి కారణం టీ-టైప్‌ను అడ్డుకోవడం కాదు. అనేక మందులను లివర్‌లో విరిచే సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్‌ను అది ఆపేసింది, దాంతో మిగతా మందులు ఒంట్లో పేరుకుపోయాయి. ఛానల్‌ను ఆపితేనే ప్రమాదం అని ఎవరైనా దీన్ని ఉదాహరణగా చూపిస్తే ఒప్పుకోకు.

రక్తనాళాల విషయంలోనూ తొందరపడకు. కాల్షియం ఛానల్ మూస్తే నాళం సడలుతుందని మనకు బాగా అలవాటైన ఆలోచన. కానీ 3.2 లేని ఎలుకల్లో గుండె నాళాలు అక్కడక్కడా బిగుసుకుపోయి కనిపించాయి. అక్కడ సడలడానికే ఈ ఛానల్ కావాలన్నమాట. గుండె లయకు 3.1 తోడ్పడుతుంది, అది లేని ఎలుకల్లో లయ కొంత నెమ్మదిస్తుంది.

నొప్పి రంగంలో ఆశ ఎక్కువ, నాకూ ఉంది. నొప్పిని మోసే నరాల్లో 3.2ను తగ్గిస్తే ఎలుకల్లో నొప్పి బాగా తగ్గింది. కానీ ఏబీటీ-639 అనే మందు డయాబెటిస్ నరాల నొప్పి ఉన్నవాళ్లలో ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగనిపించుకోలేదు. అక్కడ రోగి నరం ఏ వోల్టేజ్‌లో కూర్చుని ఉందో, మందు ఏ స్థితిలోని ఛానల్‌ను పట్టుకుంటుందో తేలకుండా ముందుకు పోకూడదని నా గట్టి అభిప్రాయం. క్యాన్సర్ కణాల్లో ఈ ఛానల్స్ కనిపిస్తాయన్న పేపర్లు చాలానే వస్తున్నాయి. వాటిలో కరెంట్ రికార్డ్ చేసి చూపించినవి మాత్రమే ముందు చదువు.

జన్యువుల దగ్గర ఒక జాగ్రత్త. 3.2 జన్యువులో మూర్ఛతో ముడిపెట్టిన మార్పులు చాలా ఉన్నాయి. ఒక్క మార్పుతోనే జబ్బు వచ్చిందని రాయొద్దు, "కారణం" అన్న మాటను ఆచితూచి వాడు. అదే జన్యువులో ఎం1549వీ అనే మార్పు సంగతి వేరు. పదేళ్లలోపే ప్రైమరీ ఆల్డోస్టిరోనిజంతో (బీపీ పెంచే ఆల్డోస్టిరాన్ హార్మోన్ అడ్రినల్ గ్రంథిలో అతిగా తయారయ్యే జబ్బుతో) బీపీ వచ్చిన 40 మందిలో ఐదుగురిలో అది దొరికిందని 2015లో ప్రచురించారు. ఛానల్ త్వరగా మూతపడదు, కాల్షియం ఎక్కువ లోపలికి వస్తుంది, అడ్రినల్ గ్రంథి ఆల్డోస్టిరాన్ ఎక్కువ తయారుచేస్తుంది. ఇక్కడ గొలుసులో ఏ లింకూ తెగిపోలేదు.

నీకింకా ఏ కణమో తేలలేదంటే, నేనైతే ఆ అడ్రినల్ కణాన్నే ఎంచుకోమంటాను. థలమస్ దగ్గర ఇప్పటికే చాలామంది ఉన్నారు. ఆల్డోస్టిరాన్ తయారుచేసే కణం దాదాపు మైనస్ 80 దగ్గర ఉంటుంది, అంటే ఛానల్ ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. రక్తంలో పొటాషియం కొంచెం పెరిగినా దానికి తెలిసిపోతుంది. ఇంకో విశేషం, విడదీసిన కణాలు మౌనంగా ఉంటాయి, గ్రంథిని పలుచటి ముక్కలుగా కోసి చూస్తే మాత్రం ఎలుక కణాల్లో వోల్టేజ్ తనంతట తానే పైకీ కిందికీ ఊగుతుంది. కాబట్టి కణాలు విడదీసే ఎంజైమ్‌లు కొనే ముందు స్లైసులు కొయ్యడం నేర్చుకో. మీ గైడ్ దగ్గర స్లైసులు కోసే వైబ్రటోమ్ లేకపోతే పక్క ల్యాబ్‌లో ఎవరిదైనా వారానికి రెండు పూటలు దొరుకుతుందేమో ఇప్పుడే అడిగి పెట్టుకో.