అమ్మ డబ్బా టీవీ సంగతి

చి.ల.సౌ. మేనకోడలికి మామ దీవెనలు.

నీ మెసేజ్ చదివాను. అల్లుడుగారు దసరాకు దేవరకొండకు పెద్ద ఎల్‌ఈడీ టీవీ తెస్తానంటే అక్క వద్దంటే వద్దంటోందని, పాత డబ్బా టీవీ తీసేయమని నన్నే నచ్చజెప్పమని రాశావు. నల్లగొండలో టీవీలు రిపేర్ చేసుకుంటూ సంసారం ఈదినవాణ్ని అడగాల్సిన మాటేనా బిడ్డా ఇది? నేను అక్క పక్షమే. కాకపోతే ఒక షరతు. ఆ సెట్‌లో పిక్చర్ ట్యూబ్, అంటే బొమ్మ చూపించే ఆ పెద్ద గాజు బుడ్డి, ఇంకా బలంగా ఉండాలి. ట్యూబ్ బాగుంటే మిగతాది ఏది పోయినా చాలావరకు బాగుచేయించుకోవచ్చు. ట్యూబ్ పోతే మాత్రం అక్కకు ఎంత ప్రేమ ఉన్నా దాని మీద రూపాయి పెట్టొద్దు. టీవీల కోసం కొత్త ట్యూబులు ఇప్పుడు మన దేశంలో ఎవరూ తయారు చేయడం లేదు.

కాబట్టి ముందు ట్యూబ్ ఎట్లా ఉందో చూడు. దీనికి మెకానిక్ అక్కర్లేదు. సెట్ రాత్రంతా ఆగి చల్లబడ్డాక, పొద్దున్నే ఆన్ చేయి. పది పదిహేను సెకన్లలో బొమ్మ నిండుగా వస్తే ఫికర్ లేదు. మసకమసకగా మొదలై, తేరుకోవడానికి నిమిషాలు పడుతోందంటే లోపల ఎలక్ట్రాన్లు విడిచే క్యాథోడ్ అరిగిపోయిందన్నమాట. తర్వాత రిమోట్‌తో కలర్‌ను సున్నాకు దించు. బొమ్మ బ్లాక్ అండ్ వైట్ అవుతుంది. అప్పుడు తెలుపు తెల్లగానే కనబడాలి. అంతా ఆకుపచ్చగానో, ఎర్రగానో తిరిగితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు ఎలక్ట్రాన్లు చిమ్మే మూడు గన్లలో ఏదో ఒకటి వెనకబడినట్టు. కొద్దిపాటి తేడా అయితే లోపల సర్దుబాటు చేయొచ్చు. ఇక చివరగా కాంట్రాస్ట్ పెంచి, తెల్ల చొక్కా వేసుకున్న మనిషి కనబడేదాకా ఆగు. తెలుపు మీద వెండి పూత పూసినట్టు మెరిసి, అంచులు పక్కకు చెదిరిపోతుంటే ఆ ట్యూబ్ వీక్ అయింది.

ఇక్కడో మోసం ఉంది, చెప్పకపోతే నాకు మనసొప్పదు. వీక్ అయిన ట్యూబ్‌ను కొందరు మెకానిక్‌లు వెనక స్క్రీన్ కంట్రోల్ తిప్పి వెలుగు పెంచి ఇచ్చేస్తారు. ఇంటికి తెచ్చినరోజు ధగధగా ఉంటుంది. కొన్నాళ్లకు బొమ్మ మీద సన్నటి ఏటవాలు గీతలు తేలతాయి. ఇంకొందరు క్యాథోడ్‌ను వేడెక్కించే ఫిలమెంట్‌కు 6.3 వోల్టులు అందాల్సిన చోట ఇంకాస్త ఎక్కించి 'బూస్టింగ్ చేశాం' అంటారు. కొంతకాలం ఆడుతుంది, ఆ తర్వాత ఒక్కసారే చల్లారిపోతుంది. అట్లాగే 'మొత్తం కిట్ మార్చేద్దాం' అని లోపలి బోర్డంతా తీసి చైనా కిట్ పెడతామంటారు. పాత బోర్డుకు సామాను దొరకనప్పుడు తప్పదు, దాంతో ఎన్నో సెట్లు బతికాయి కూడా. కానీ ట్యూబ్ మెడ మీదుండే యోక్ అనే రాగి తీగ చుట్టకూ ఆ కిట్‌కూ జత కుదరకపోతే బొమ్మ పక్కలకు లాగినట్టో, ముడుచుకుపోయినట్టో వస్తుంది. బొమ్మ చూసి ఒప్పుకున్నాకే డబ్బులివ్వు.

నీ మెసేజ్‌లో ఒకమాట ఉంది, 'అమ్మకు కొత్త టీవీ బొమ్మ నచ్చట్లేదు, అంతా అలికినట్టుందంటోంది' అని. నువ్వు దాన్ని చాదస్తం అనుకున్నావు. అక్క కన్ను కరెక్టే. ఆమె చూసేవి హెచ్‌డీ కాని మామూలు ఎస్‌డీ ఛానళ్లు. సెట్‌టాప్ బాక్స్ నుంచి వచ్చే ఆ బొమ్మలో పై నుంచి కిందికి 576 అడ్డ గీతలు ఉంటాయి. మన పాత సెట్లు పాల్ అనే 625 గీతల కలర్ టీవీ పద్ధతిలో పనిచేస్తాయి, అందులో కంటికి కనబడేవి ఆ 576. అంటే వచ్చిన బొమ్మను వచ్చినట్టే ట్యూబ్ గీస్తుంది. కొత్త టీవీలో గడులు అంతకు రెండింతలో, ఇంకా ఎక్కువో ఉంటాయి కాబట్టి లేని గీతలను లెక్కగట్టి నింపాలి, అందుకే ఆ మసక. హెచ్‌డీ ప్యాక్ వేసుకుంటే కొత్తదే గెలుస్తుంది, అందులో వాదన లేదు. అక్క ఆ ప్యాక్ వేయించుకోదు, అదీ నీకు తెలుసు. నలుపు సంగతీ అంతే. ట్యూబ్‌లో కిరణం తగలని చోట వెలుగే పుట్టదు. మామూలు ఎల్‌ఈడీ టీవీలో వెనక లైట్ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి రాత్రి సీన్లలో నలుపు బూడిదగా కనబడుతుంది. అర్రలో ఏ మూల కూర్చుని చూసినా ట్యూబ్‌లో రంగు మారదు. అక్క కింద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుకుంటూ చూస్తుందాయె, ఆమెకు ఇది పెద్ద విషయమే.

కరెంటు బిల్లు గురించి అల్లుడుగారు చెప్పింది నిజమే, కానీ భయపడేంత కాదు. 21 అంగుళాల డబ్బా టీవీ 80 వాట్ల చుట్టుపక్కల తాగుతుంది, 32 అంగుళాల ఎల్‌ఈడీ దాదాపు అందులో సగం. రోజూ ఐదు గంటలు చూసినా నెలకు తేడా ఆరు యూనిట్లకు అటూ ఇటూ. దానికోసం కొత్తది కొనడం లెక్కకు రాదు.

ఇప్పుడు జాగ్రత్తలు. వెనక మూత తీయొద్దు, ఎవరినీ తీయనీయొద్దు. ఇది అన్నిటికంటే ముందు. కలర్ ట్యూబ్‌కు లోపల 25 వేల వోల్టుల దాకా నడుస్తుంది. ప్లగ్ పీకేసినా ఆ గాజులో చార్జ్ చాలాసేపు నిలిచి ఉంటుంది. తెలిసినవాడు మొదట దాన్ని ఎర్త్‌కు దించేసి తర్వాతే చేయి పెడతాడు. దుమ్ము దులపాలనుకుంటే బయటి నుంచే, తడిబట్ట లేకుండా.

పైన అల్లిన గుడ్డ, దాని మీద పూలకుండీ, పక్కన దేవుడి ఫొటో. మన ఇళ్లలో టీవీ అంటే అదొక గూడు. గుడ్డ గాలి రంధ్రాలు మూస్తుంది, కుండీలో నీళ్లు ఒలికితే నేరుగా బోర్డు మీదే పడతాయి. రెండూ తీసేయించు. దేవుణ్ని గోడకు మార్చు. గోడకూ సెట్ వెనక భాగానికీ నడుమ జానెడు ఖాళీ ఉండాలి. ఎండాకాలం మన దగ్గర వేడి 44 డిగ్రీలు దాటుతుంది, లోపలి కెపాసిటర్లు ఎండిపోయేది అప్పుడే. ఇక బల్లులు. రాత్రి సెట్ వెచ్చగా ఉంటుంది కదా, అందులో దూరతాయి. బోర్డు మీద రెండు కాళ్లు రెండు చోట్ల పెడితే అది పోతుంది, దాంతోపాటు సెట్టూ పోతుంది. రిపేర్‌కు వచ్చిన సెట్లలో మాడిన బల్లి కనబడితే కుర్రాళ్లకు టీ ఇప్పించేవాణ్ని, ఫాల్ట్ వెతికే పని తప్పింది కాబట్టి. రాత్రి పడుకునేముందు రిమోట్‌తో కాకుండా సెట్ మీది మెయిన్ బటన్ నొక్కి ఆపమని అక్కకు చెప్పు. వేడీ తగ్గుతుంది, రంగులకూ మంచిది. మెయిన్ బటన్ నొక్కి ఆన్ చేసినప్పుడు 'డుమ్మ్' అని ఒక శబ్దం వస్తుంది చూడు, ట్యూబ్ చుట్టూ ఉన్న కాయిల్ అప్పుడే అయస్కాంతపు మరకలు తుడిచేస్తుంది. చాలా సెట్లలో రిమోట్‌తో ఆన్ చేస్తే అది జరగదు. మూలల్లో రంగు మచ్చలు కనబడితే పక్కనున్న స్పీకరో, స్టెబిలైజరో జరిపి, అరగంట ఆపి మళ్లీ ఆన్ చేయాలి. రెండు మూడుసార్లకూ పోకపోతే మెకానిక్ పని.

ఉరుములు మొదలైతే ప్లగ్ పీకితే చాలదు, డిష్ వైర్‌ను కూడా బాక్స్ నుంచి విప్పాలి. పిడుగు ఆ దారిన కూడా వస్తుంది.

మెకానిక్‌కు ఫోన్‌లో చెప్పేటప్పుడు 'టీవీ పనిచేయట్లేదు' అనకుండా, ఏం కనబడిందో చెప్పు. తెర మధ్యలో అడ్డంగా ఒకే తెల్లగీత ఉంటే బొమ్మను పైకీ కిందికీ పరిచే వర్టికల్ సెక్షన్ పోయింది, వెంటనే ఆపేయాలి. వదిలేస్తే ఆ గీత పడినచోట లోపల వెలుగునిచ్చే ఫాస్ఫర్ పూత మాడి మచ్చ నిలిచిపోతుంది. టిక్ టిక్ చప్పుడు, దాంతోపాటు గాలిలో ఘాటు వాసన వస్తే ఎల్‌ఓటి, అంటే హైవోల్టేజ్ పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్, దాని దగ్గర లీక్, అదీ వెంటనే ఆపాల్సిందే. కాసేపు ఆడి ఆగిపోయి, నెత్తిన ఒకటి కొడితే మళ్లీ వస్తోందంటే డ్రై సోల్డర్, అంటే బోర్డు మీద అతుకు వదిలిందన్నమాట. బావ బతికున్నప్పుడు ఆ సెట్‌కు వేసిన దెబ్బలు నాకు గుర్తే! సోల్డరింగ్ ఐరన్‌తో పావుగంట పని అది. ఇప్పటి పిల్లలు ఫోన్లు, ఎల్‌ఈడీలు బాగా చేస్తారు గానీ ఎల్‌ఓటి అంటే మొహం చూస్తారు. జుట్టు నెరిసిన మెకానిక్‌ను పట్టుకో. సామాను ఊళ్లో దొరక్కపోతే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ తిరిగితే చాలావరకు దొరుకుతాయి. ఇంకోమాట, పక్కింటివాళ్లు అదే మోడల్ సెట్ పారేస్తుంటే అడిగి తెచ్చిపెట్టుకో. సజ్జ మీద మాత్రం పెట్టకు, 21 అంగుళాలది ఇరవై కిలోలు దాటుతుంది.

బరువు గుర్తొచ్చింది కాబట్టి, ఇప్పుడది ఏ టేబుల్ మీద ఉంది? ఈ సెట్ల బరువంతా ముందు గాజులో ఉంటుంది. చిన్నోడు పాకడం మొదలుపెట్టాడన్నావు. వాడు పట్టుకుని లేవబోతే ఊగే టేబుల్ ముందుకు వాలుతుంది. ఈ వారమే గట్టి, పొట్టి బల్ల మీదికి మార్పించు. మోసేటప్పుడు అద్దం ఛాతీ వైపు ఉండాలి. ఆటోలో తేవాల్సి వస్తే పరుపు మీద అద్దం కిందికి పెట్టి పడుకోబెట్టాలి, వెనక ఉన్న సన్నటి మెడకు దెబ్బ తగిలితే అంతటితో ఆఖరు.

సిగ్నల్‌కు ఇబ్బంది లేదు. ఒకప్పుడు హైదరాబాద్ దూరదర్శన్ అందాలంటే ఇంటి మీద ఎత్తైన పైపు, బూస్టర్ ఉండాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ యాంటెనా దండెం కట్టుకోవడానికే. దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు 2022 నాటికి దాదాపు అన్నీ ఆగిపోయాయి. నెలనెలా కట్టే పని వద్దనుకుంటే దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్ పెట్టించు, 2004 నుంచీ ఉన్నదే. బాక్స్‌లో ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల ఏవీ అవుట్‌పుట్ ఉందో లేదో చూసి కొను. బాక్స్ సెట్టింగ్స్‌లో స్క్రీన్‌ను 4:3కు మార్చు, లేకపోతే మనుషులు సన్నగా సాగిపోయి కనబడతారు.

పెద్దోడు యూట్యూబ్ కావాలని ఏడుస్తున్నాడు కదా. స్ట్రీమింగ్ స్టిక్‌కు హెచ్‌డీఎంఐ టు ఏవీ కన్వర్టర్ కావాలి. షాపులో ఏవీ టు హెచ్‌డీఎంఐ అని అచ్చం అట్లాంటి డబ్బాయే ఉంటుంది, అది పనికిరాదు, పేరు చదివి తీసుకో. దాని మీద చిన్న స్విచ్ ఉంటే పాల్ వైపు పెట్టు. బొమ్మ వస్తుంది గానీ అక్షరాలు చీమల్లా ఉంటాయి, ఆన్‌లైన్ పాఠాలకు అస్సలు పనికిరాదు. అదే వాడి పాత వీడియో గేమ్, తుపాకీతో బాతులను కాల్చేది, ఈ సెట్ మీద తప్ప ఆడదు. ఆ తుపాకీ ట్యూబ్ గీసే వెలుగును పసిగట్టి పనిచేస్తుంది. సెట్ ఆన్‌లో ఉన్నప్పుడు వాడు చెవులు మూసుకుంటే నాటకాలు అనుకోకు. సెకనుకు 15,625 గీతలు గీసేటప్పుడు సన్నటి కూత వస్తుంది, పిల్లలకు వినబడుతుంది, మనకు వినబడదు.

అల్లుడుగారితో పంచాయితీ వద్దు. క్రికెట్ ఆయన హెచ్‌డీలో చూడాలనుకుంటే అది న్యాయమే, బంతి కనబడాలి కదా. కొత్తది తెచ్చి మీ అర్రలో గోడకు బిగించుకోండి. అక్క సెట్‌ను ముందర్రలో అట్లాగే ఉండనివ్వండి.

ట్యూబ్ వీక్ అయిందని నీ పరీక్షలో తేలితే మాత్రం, పాత సామాన్ల బండివాడికి ఇవ్వకు. వాడు యోక్‌లో రాగి కోసం ట్యూబ్‌ను రాయితో పగలగొడతాడు. లోపల శూన్యం కాబట్టి గాజు ఒక్కసారిగా చిట్లి ఎగురుతుంది, వెనక గాజులో సీసం ఉంటుంది, అది ఏ పెంటకుప్పలోనో పడుతుంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న ఈ-వేస్ట్ వాళ్లకే ఇవ్వాలి. కొత్త టీవీ కొనే షాపులో ఎక్స్‌ఛేంజ్‌కు తీసుకుంటామంటే, తీసుకుని ఎక్కడికి పంపుతారో అడిగి మరీ ఇవ్వు.

ఆదివారం ఆ పరీక్ష చేసి, కలర్ సున్నాకు దించినప్పటి బొమ్మను ఫోన్‌లో ఫొటో తీసి పంపు. సెట్ వెనక స్టిక్కర్ ఫొటో కూడా పంపు, మోడల్ నంబర్, ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుందో దాని మీద ఉంటుంది. అది చూశాక స్టెబిలైజర్ ఉంచాలో తీసేయాలో చెప్తాను. అక్కకు నా నమస్కారాలు చెప్పు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు
మీ మామ
నల్లగొండ