నల్లరేగడి నేలలో ఇల్లు, వానొస్తే గోడల చుట్టూ నీళ్లు నిలిచి లోపల చెమ్మ ఎక్కుతోంది, ఏం చేయాలి?

ముందు స్లాబ్ పైపులు చూడండి, చాలా ఇళ్లలో పైపు గోడ మొదట్లోనే వదిలేస్తారు, 1000 చదరపు అడుగుల స్లాబ్ మీద 1 సెంటీమీటర్ వాన పడినా 900 లీటర్ల పైమాటే, అదంతా ఆ మూల పునాదిలోకే దిగుతుంది. బెండ్ వేసి కాలవ దాకా పైపు లాగించండి, సగం గొడవ అక్కడే తీరిపోవచ్చు.

తర్వాత ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున కాంక్రీట్ చప్టా వేయించండి. గోడ దగ్గర ఎత్తుండి బయటికి వాలాలి, అడుగుకి కనీసం పావంగుళం. మేస్త్రీ "వాటం వచ్చేసింది సార్" అంటాడు, ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి ఎటు పోతున్నాయో చూశాకే డబ్బులివ్వండి. గోడకీ చప్టాకీ మధ్య సందుని సీలెంట్‌తో మూయించడం మర్చిపోవద్దు, నీళ్లు దూరేది అందులోంచే.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, గోడల్లో ఏటవాలు పగుళ్లు ఎక్కువగా దీనివల్లే. అందుకే గోడ పక్కనే మొక్కలకి రోజూ పైపు పెట్టడం, పునాది దగ్గర ఇంకుడు గుంత తవ్వడం రెండూ వద్దు, గుంత స్థలంలో దూరంగా ఓ మూలకి పెట్టుకోండి. లోపల వాటర్‌ప్రూఫ్ పెయింట్ కొట్టించమని ఎవరన్నా చెప్తే ఇప్పుడే వినకండి, బయట నీళ్లు ఆగకుండా వేస్తే పొక్కులొచ్చి ఊడిపోద్ది.