రోజు విడిచి రోజు

సందేహం: మూర్ఛకు రెండు మూడు మందులు కలిపి వాడేవారి కోసం ఒక సూచనపత్రాన్ని తెలుగు చేస్తున్నాం. ‘బహుఔషధ చికిత్స’ అనవచ్చా? ‘రోజు విడిచి రోజు’, ‘రెండు రోజులకోసారి’ ఒకటేనా?

సమాధానం: బహు, ఔషధ రెండూ సంస్కృత పదాలే కనుక యణాదేశ సంధి జరిగి ‘బహ్వౌషధ’ కావాలి. వ్యాకరణం తృప్తిపడుతుంది గానీ రోగికి అర్థం కాదు. ‘మందులు కలిపి వాడటం’ అనండి, చాలు. ఫిట్స్‌ను ‘అపస్మారం’గా దిద్దే పనీ పెట్టుకోకండి.

అసలు చిక్కు మీ రెండో ప్రశ్నలో ఉంది. వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు వాడుతున్న పెద్దలకు లామోట్రిజిన్ అనే మరో మూర్ఛ మందు చేర్చేటప్పుడు మామూలుగా మొదటి రెండు వారాలు 25 మి.గ్రా. రోజు విడిచి రోజు, తర్వాతి రెండు వారాలు రోజూ 25 మి.గ్రా. ఇస్తారు. లామోట్రిజిన్ ఒంట్లోంచి పోకుండా వాల్‌ప్రోయేట్ అడ్డుపడుతుంది కాబట్టే ఇంత నెమ్మది. తొందరపడి రోజూ వేసుకుంటే ఒళ్లంతా దద్దుర్లు లేచి ప్రాణం మీదికి రావచ్చు. ‘రెండు రోజులకోసారి’ అంటే కొందరు రెండు రోజులు మాని మూడోనాడు వేసుకుంటారు. ‘రోజు విడిచి రోజు’లో ఆ పెడర్థం రాదు. ‘రెండు వారాలు’ కూడా నమ్మదగ్గ మాట కాదు. మన వాడుకలో అది ‘పదిహేను రోజులు’ అయిపోతుంది. ‘14 రోజుల్లో 7 మాత్రలు: 1, 3, 5, 7, 9, 11, 13 రోజుల్లో’ అని అచ్చువేయండి.

‘ఉదయం, రాత్రి రెండు మాత్రలు’ అన్నా తంటానే. పూటకు ఒకటా, రెండా? ‘ఒక్కొక్కటి’ లేదా ‘రెండేసి’ అనాలి. మన భాషలో ఈ ‘-ఏసి’ ఉన్నదే ఇందుకు. మి.గ్రా.ల్లో రాస్తే ‘చొప్పున’ చేర్చండి: ‘పూటకు 500 మి.గ్రా. చొప్పున రెండు పూటలా’.

‘కొత్త మందు మొదలుపెట్టండి’ అన్న వాక్యం మరీ ప్రమాదం. పాతది మానాలో వద్దో అందులో లేదు. మందు మార్చారనుకుని రోగి పాతది ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ తెరిపి లేకుండా రావచ్చు. ‘పాత మందు ఆపకుండా, దానికి తోడుగా’ అని ముందే రాసి, ఆ తర్వాతే కొత్త మందు పేరు రాయండి.