చెక్కకు పురుగు పడితే అసలు నష్టం ఎక్కడ?

పురుగు తిన్న చెక్క కన్నా, ఆ భాగం చెక్కేయడంతో సైజు పడిపోవడమే పెద్ద నష్టం. కోసి ఆరబెట్టిన చెక్కను ఎక్కువగా పాడుచేసేది లిక్టస్ జాతి పిండి పురుగు. దానికి కావాల్సింది తెల్లచెక్కలోని, అంటే మానులో బెరడు పక్కనుండే లేత రంగు భాగంలోని పిండిపదార్థం. మాను మధ్యలోని ముదురు భాగమైన చేవలో అది దాదాపు ఉండదు కాబట్టి టేకు చేవ జోలికి రాదు. అదే టేకు తెల్లచెక్కను, మామిడిని, రబ్బరు చెక్కను, వెదురును మాత్రం వదలదు.

హైదరాబాద్‌లో ఏదో టింబర్ డిపోలో గుమ్మానికి 7 అడుగుల పొడవున 5×3 అంగుళాల చెక్క కొన్నారనుకోండి. 5 అంగుళాల ముఖం పొడవునా అర అంగుళం తెల్లచెక్క పిండయితే పోయింది ఆరో వంతే. కానీ మిగిలిన రెండున్నర అంగుళాల మందం 3 అంగుళాల గుమ్మానికి పనికిరాదు. డబ్బు మాత్రం మొత్తం ఘనపుటడుగులకూ కట్టేశారు.

చాలామంది చెక్క మీద కనిపించే సన్న రంధ్రాల్లోంచే పురుగు లోపలికి వెళ్లిందనుకుని, లప్పం పెట్టి వార్నిష్ కొట్టేస్తారు. నిజానికి అవి 1–2 మిల్లీమీటర్ల బయటి దారులు. ఎదిగిన పురుగు అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది, మిగతా లార్వాలు (పిల్ల పురుగులు) లోపల తింటూనే ఉండొచ్చు. రంధ్రం కింద మైదాలాంటి పొడి కొత్తగా రాలుతోందా అన్నదే చూడాలి. రంధ్రం అంచు నల్లగా ఉండి పొడి లేకపోతే అది పచ్చి దుంగలో చేరే వేరే రకం. చెక్క ఆరితే బతకదు.

బోరాక్స్–బోరిక్ ఆమ్లం మందు పాలిష్‌కు ముందే పెట్టించాలి. పాలిష్ పొర మీద పూస్తే లోపలికి ఇంకదు.